వైరస్‌ను తిట్టేముందు కణాలను చూడు

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

నీకు ఎస్ఎఫ్9 అనే పురుగు కణాల్లో ఫ్లూ వైరస్ పైపొర ప్రోటీన్ హీమాగ్లుటినిన్ తీసే పని అప్పజెప్పారట కదా. "ఉద్యోగమంటే పురుగులు పెంచడమేనా?" అంటూ మీ అమ్మ ఫోన్లో ఒకటే గోల. ఆవిడ అన్నదాంట్లో కొంత నిజముందిలే. 2018 నుంచి మన మొక్కజొన్న చేలను పీక్కుతింటున్న కత్తెర పురుగు ఉందే, దాని ప్యూపా అండాశయం నుంచి వచ్చినవే ఆ కణాలు. 2013లో అమెరికాలో అనుమతి పొందిన ఫ్లూబ్లాక్ టీకాకూ ఆ పురుగు కణాలే ఆధారం.

ప్రోటీన్ రాలేదంటే అందరూ ముందు ఆ ప్రోటీన్ జన్యువును కణాల్లోకి మోసుకెళ్లే బాక్యులోవైరస్ మీద పడతారు. నేనైతే కణాల రికార్డు పుస్తకం తెమ్మంటాను. 27 డిగ్రీల దగ్గర అవి ఇంచుమించు రోజుకోసారి రెట్టింపు కావాలి, వయబిలిటీ, అంటే బతికున్న కణాల వంతు, 95 శాతం పైన ఉండాలి. పెరుగుదల మందగిస్తే ఆ ఫ్లాస్కు జోలికి పోకు. ఇంకో రెండు పాసేజీలు, అంటే కణాలను మరో రెండుసార్లు కొత్త మీడియంలోకి మార్చేదాకా, ఆగు. కార్బన్ డయాక్సైడ్ అక్కర్లేదు గానీ గాలి బాగా ఆడాలి. 125 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 30కి మించి పోయకు.

ఇక అసలు సంగతి. మిల్లీలీటరుకు 15–20 లక్షల కణాలున్నప్పుడే ఇన్ఫెక్ట్ చెయ్యి. 50 లక్షలదాకా పెరగనిస్తే ప్రోటీన్ కూడా అంతకంత వస్తుందని ఆశ పుడుతుంది, రాదు. నీ ప్రోటీన్ జన్యువును పనిచేయించే వైరస్ స్విచ్చి, పాలీహెడ్రిన్ ప్రమోటర్, చాలా ఆలస్యంగా, దాదాపు ఒక రోజు గడిచాక గానీ ఊపందుకోదు. అప్పటికి మీడియంలో సత్తువ అయిపోతే పెళ్లివారు వచ్చేసరికి వంటింట్లో బియ్యం నిండుకున్నట్టే.

ఇన్ఫెక్ట్ చేసిన మర్నాడు, చచ్చిన కణాలకు నీలం పట్టించే ట్రిపాన్ బ్లూ రంగు వేసి స్లయిడ్ చూడు. కణాలు ఉబ్బి, కేంద్రకం కణమంతా నిండినట్టు కనిపించాలి, లెక్క దాదాపు ఆగిపోవాలి. కణాలు మళ్లీ రెట్టింపయ్యాయంటే నువ్వేసిన వైరస్ చాల్లేదన్నమాట. పోల్చుకోవడానికి ఇన్ఫెక్ట్ చేయని ఫ్లాస్కు ఒకటి పక్కన నడవనీ. ఒకే షేకర్లో మాత్రం వద్దు. ఈ వైరస్ మనుషుల్నేమీ చేయదు గానీ, ఒక్క చుక్క చిందితే నీ మంచి కణాలు మొత్తం పోతాయి.

వైరస్ స్టాక్ (నిల్వ) పెంచేటప్పుడు వైరస్ తక్కువ వెయ్యి, పది కణాలకు ఒకటి చాలు. పీ3, అంటే మూడో విడత స్టాక్, దాటించకు. పదే పదే పెంచితే లోపమున్న వైరస్‌లే మిగులుతాయి. ఫాయిల్ చుట్టి 4 డిగ్రీల దగ్గర దాచు, దానికి వెలుతురు పడదు.

పూర్తి నిడివి హీమాగ్లుటినిన్ కణం పొరకే అతుక్కుని ఉంటుంది. కాబట్టి సెంట్రిఫ్యూజ్ చేశాక పైనున్న ద్రవంలో వెతక్కు, అడుగున చేరిన పెల్లెట్ దాచు. మరీ ఆలస్యం చేస్తే కణాలు పగిలి, వాటిలోని ప్రోటీన్లను కోసే ఎంజైములు, ప్రోటియేజులే, నీ ప్రోటీన్‌ను కొరికేస్తాయి. 48, 60, 72 గంటలకు శాంపిళ్లు తీసి, యాంటీబాడీతో ప్రోటీన్‌ను గుర్తించే వెస్టర్న్ బ్లాట్ పరీక్ష చేసి చూస్తే నీ ప్రోటీన్‌కు ఏ గంట సరైనదో తేలిపోతుంది. సోమవారం పొద్దున ఇన్ఫెక్ట్ చేశావంటే గురువారం పొద్దుటికి అన్నీ చేతికొస్తాయి, ఆదివారం ల్యాబ్ తాళాల కోసం సెక్యూరిటీ వాళ్లను బతిమాలక్కర్లేదు.

మీ మామయ్య