పెద్దదాని మీంచి ఏ పని ముందు తీసెయ్యాలి

తమ్ముడూ,

మరదలికి పక్షవాతం వచ్చినప్పటి నుంచి మీ పెద్దమ్మాయి ఆరిందాలా అన్నీ చూసుకుంటోందని మురిసిపోతూ రాశావు. నాకూ ముచ్చటగానే ఉంది. కానీ ఆ మెప్పు రోజూ దాని ఎదుట అనకు. పదమూడేళ్ల పిల్ల, మెచ్చుకున్నకొద్దీ "నా వల్ల కావడం లేదు నాన్నా" అనడానికి నోరు రాదు.

అమ్మకు సాయం చేస్తే పిల్లలేం పాడైపోరు. ఓర్పు, పనితనం వస్తాయి, అమ్మ దగ్గర చనువు పెరుగుతుంది. దెబ్బతీసేది ఎక్కడ ముగుస్తుందో తెలియని పని, ఏం జరిగినా తనే జవాబు చెప్పాలన్న భయం. పనుల్లో కొన్ని దానికి ఉండనీ, జవాబుదారీ మాత్రం నీది.

ముందు ఒక వారం పాటు లేచింది మొదలు పడుకునేదాకా పిల్ల ఏమేం చేస్తోందో టైముతో సహా కాగితం మీద పెట్టు. మందులివ్వడం, తినిపించడం ఎవరైనా రాస్తారు. లెక్కలోకి రానివి వేరే ఉంటాయి: చదువుకుంటూనే పక్కగదిలోకి ఓ చెవి వేసి ఉంచడం, అమ్మ ఏడిస్తే ఊరుకోబెట్టడం, తమ్ముణ్ణి బడికి తయారుచెయ్యడం, చుట్టాల ఫోన్లకు జవాబులు చెప్పడం. అవన్నీ దాన్నే అడిగి రాయి. ఇంగ్లండులో 2014లో వచ్చిన పిల్లలు, కుటుంబాల చట్టం ప్రకారం ఇలాంటి పిల్లల విషయంలో అధికారులు చూడాల్సినవాటిలో ఒకటి: ఈ చాకిరీ ఈ పిల్ల చెయ్యదగిందేనా? నీ కాగితంలో ప్రతి పని పక్కనా ఆ ప్రశ్న వేసుకో.

మొదట తీసెయ్యాల్సింది రాత్రి పని. ఆ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. తనంతట తాను ఒత్తిగిల్లలేని మనిషిని మామూలుగా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. లేకపోతే తుంటి మీద, నడుం కింది ఎముక మీద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. అంటే తెల్లారేలోగా మూడు నాలుగు సార్లు లేవాలి. మంచి పరుపు వేస్తే రాత్రిళ్లు ఆ ఎడం పెంచొచ్చేమో నర్సును అడుగు. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి చూడు. నొక్కినా తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, ఆ రోజే చూపించాలి. ఒంటి రంగు చామనఛాయైతే ఎరుపు సరిగ్గా కనపడదు, చుట్టుపక్కల కంటే వేడిగానో గట్టిగానో తగిలినా అనుమానించు. పిలుపు గంట నీ మంచం దగ్గర మోగాలి. పెద్దదాని పక్క వేరే గదిలోకి మార్చెయ్. అదే గదిలో పడుకోబెట్టి "నువ్వు లేవక్కర్లేదులే" అంటే ఏం లాభం? వాళ్లమ్మ మూలిగితే చాలు లేచి కూర్చుంటుంది.

తర్వాత స్నానం, మలమూత్రాల సంగతి. ఆడపిల్లే కదా అని ఇది దాని నెత్తినే పడుతుంది. కూతురి చేత చేయించుకోవాలంటే తల్లికీ సిగ్గే. అడగలేక నీళ్లు తాగడం తగ్గించేస్తారు, దాంతో మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్. నువ్వు చూడు, కుదరనప్పుడు మనిషిని పెట్టు. రెండు మూడు గంటలకోసారి, అడక్కముందే తీసుకెళ్లే అలవాటు చేస్తే పిల్ల బడి నుంచి వచ్చేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది.

మంచం మీంచి కుర్చీలోకి మార్చడం కూడా ఒంటరిగా చెయ్యనివ్వకు. పిల్ల నడుం పోతుంది. పడిపోయిన చేతిని పట్టుకుని గానీ, చంకలో చెయ్యివేసి గానీ లాగితే మరదలి భుజం కీలు జారుతుంది. కింద పడితే లేపొద్దని చెప్పు: తల కింద దిండు, మీద దుప్పటి, వెంటనే నీకు ఫోను. తలకు దెబ్బ తగిలితే, అందులోనూ రక్తం పలచబడే మందు వాడుతుంటే, ముందు అంబులెన్సుకే.

అలాగని అన్నీ ఒక్కరోజులో లాగేసుకోకు. తానేదో తప్పు చేశానని నొచ్చుకుంటుంది. ఏది ఉంచుకుంటావో చెప్పమని అడుగు. తల దువ్వడమో, ఫిజియో చెప్పిన వేళ్ల కసరత్తో, సాయంత్రం తినిపించడమో అంటుంది. తినిపిస్తానంటే నువ్వు పక్కన కూర్చుని నేర్పు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం పైకెత్తనివ్వకుండా, చిన్న చెంచాతో, బాగున్న వైపు పెట్టాలి. మింగడం చూశాకే రెండో చెంచా. పడిపోయిన వైపు బుగ్గలో ముద్ద ఉండిపోయి తర్వాత గొంతుకు అడ్డం పడుతుంది, అందుకే చివర్లో నోరు తెరిపించి చూడాలి. పలచటి ద్రవాలే ఎక్కువ పొలమారతాయి. దగ్గో, గొంతులో గరగరో వస్తే ఆపేసి నిన్ను పిలవాలి. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకూడదు. బట్టలు తొడుగుతానన్నా సరే: తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు.

మందులు వారానికోసారి నువ్వే ఏడు రోజుల డబ్బాలో సర్దు. గడి తెరిచి ఇచ్చి టిక్కు పెట్టడం వరకే పిల్ల పని. ఒక పూట మర్చిపోతే రెండూ కలిపి ఇవ్వకుండా నీకు చెప్పాలి.

మళ్లీ పక్షవాతం వస్తే కనిపించే గుర్తులు పెద్దక్షరాలతో రాసి ఫోను దగ్గర ఒక కాగితం అంటించు: మూతి వంకర, చెయ్యి వాలిపోవడం, మాట తడబడడం. పాతవి ఎలాగూ ఉంటాయి, చూడాల్సింది కొత్తగా వచ్చాయా, ఎక్కువయ్యాయా అని. ముందు అంబులెన్సు, తర్వాత నువ్వు. చివరిసారి ఎప్పుడు మామూలుగా ఉందో టైము రాసిపెట్టాలి, మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. "నువ్వు బడిలో ఉన్నప్పుడు జరిగినా, నిద్రలో ఉన్నప్పుడు జరిగినా నీ తప్పు లేదు" అని ఇప్పుడే చెప్పు. జరిగాక చెబితే నమ్మదు.

మరదలి మాట మనకు సరిగా అర్థం కావడం లేదని పిల్లను డాక్టరు దగ్గరికి దుబాసీగా తీసుకెళ్లకు. అమ్మ జబ్బు సంగతి తన నోటితో డాక్టరుకూ అమ్మకూ చెప్పాల్సిన అవస్థ దానికెందుకు? ఈ జబ్బులో కారణం లేకుండా ఏడుపో నవ్వో ఆగకుండా వచ్చేవాళ్లుంటారు, అది మెదడుకు తగిలిన దెబ్బ వల్లేనని పిల్లలిద్దరికీ చెప్పు. చిన్నోడికి ఇంకా విడమర్చు: వాడి అల్లరి వల్ల రాలేదు, ముట్టుకుంటే అంటుకోదు, అమ్మను చూసుకునేది నాన్న.

బడిలో ఒక్క టీచరుకు చెబితే చాలు. ఇంటిపనికి గడువు కాస్త సడలించమను, విరామంలో ఇంటికి ఫోను చేసుకోనివ్వమను, అందరి ముందూ ఎత్తిచూపవద్దని మరీ మరీ చెప్పు. "ఈ పిల్లను చూసి నేర్చుకోండి" అని నిలబెట్టారంటే మర్నాటి నుంచి స్నేహితుల దగ్గర నోరు విప్పదు.

వారానికి రెండు సాయంత్రాలు దానివే, ఏం చేసినా, ఏం చెయ్యకపోయినా. ఆ పూట నువ్వు ఆలస్యమయ్యేలా ఉంటే మనిషిని ముందే మాట్లాడుకో. బాగా చూసుకున్నందుకు బహుమానంగా ఇవ్వకు, అప్పుడది జీతమవుతుంది. తలనొప్పి, కడుపునొప్పి అని బడి మానేస్తున్నా, క్లాసులో కునికిపాట్లు పడుతున్నా, స్నేహితులను ఇంటికి రానివ్వకపోయినా పట్టించుకో. ఎప్పుడూ విసుక్కోని పిల్లను ఇంకా దగ్గరగా గమనించు. విసుక్కున్న రోజు మందలించకు, ఆ పూట పని నువ్వందుకో.

వారం కాగితం పూర్తయ్యాక ఫొటో తీసి పంపు. రాత్రి పనులు ఎవరెవరికి పంచాలో చూద్దాం, నేనూ కొన్నాళ్లు వచ్చి ఉంటాను.

ఆశీస్సులతో,
అక్క