ఒక్క రోజులో పత్తి నుంచి చీవరం దాకా: థాయ్ పల్లెల చుల కఠిన్

థాయ్ పల్లెల్లో బౌద్ధ భిక్షువుల వస్త్రాన్ని (చీవరాన్ని) ఒక్క రోజులోనే, అదీ పత్తి నుంచి మొదలుపెట్టి తయారుచేస్తారంటే నమ్మొచ్చా?

నమ్మొచ్చు. దాన్ని చుల కఠిన్ అంటారు. వర్షావాసం (వానాకాలంలో భిక్షువులు ఒకేచోట ఉండిపోయే రోజులు) ముగిశాక భిక్షువులకు వస్త్రాలిచ్చే నెల రోజుల కఠిన కాలంలో (అది ముగిసేది దాదాపు మన కార్తీక పౌర్ణమికే) మామూలుగా అందరూ కొన్న బట్టే ఇస్తారు. ఉత్తరాన చియాంగ్ మై దగ్గరి మే చేమ్ లాంటి కొన్ని చోట్ల మాత్రం ఊరంతా కలిసి నేస్తారు. దూది తీసి, గింజలు వేరుచేసి, ఏకి, రాట్నం మీద వడికి, నూలుకు గంజి పెట్టి ఆరబెట్టి, పడుగు (నిలువు పోగులు) తోడి మగ్గం ఎక్కిస్తారు. రాత్రంతా నేత సాగుతుంది. తర్వాత బట్టను ముక్కలుగా కోసి, మడులూ గట్లూ కనిపించేలా కలిపి కుడతారు. మగధ వరిపొలాలను చూపి బుద్ధుడే తన శిష్యుడు ఆనందుడికి ఈ కుట్టు సూచించాడని భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం చెబుతుంది. ఈ వస్త్రానికి వేసే గోధుమ పసుపు రంగు సంప్రదాయంగా పనస చేవను ఉడికించి తీసేదే.

అసలు కష్టం టైముతోనే. నూలు సరిగా ఆరకపోతే మగ్గం మీద పోగులు అతుక్కుంటాయి. అందుకే ఏ ఒక్క ఇంటివల్లా అయ్యే పని కాదిది. మే చేమ్ ఆడవాళ్లు తీన్ చోక్ అనే రంగురంగుల అంచు నేతలో ఆరితేరినవాళ్లు కాబట్టే అక్కడ ఈ ఆచారం నిలిచిందని నా అభిప్రాయం.