పాత సీఆర్‌టీ (పిక్చర్ ట్యూబ్) మానిటర్‌కి 85 హెర్ట్జ్ పెడితే స్క్రీన్ నల్లబడిపోతోంది, ఏం చేయాలి?

మీరు చెప్పినదాన్ని బట్టి మీ నాన్నగారి పెంటియం 3, విండోస్ 98, 15 అంగుళాల మానిటర్. 1024×768లో 60 హెర్ట్జ్ దగ్గర బొమ్మ వణుకుతోంది, 85 పెడితే ఏమీ కనిపించట్లేదు. మీరు ఆడాలనుకుంటున్నది డేవ్, డూమ్. నాదీ వైజాగే, పెదవాల్తేరు. నా దగ్గరున్నదీ దాదాపు ఇదే సెట్టు కాబట్టి, నేను పడిన పాట్లే చెబుతాను.

ముందు మానిటర్ మాన్యువల్‌లోనో, వెనక స్టిక్కర్ మీదో కిలోహెర్ట్జ్ అంకె వెతకండి, అంటే సెకనుకి ఎన్ని వేల అడ్డగీతలు గీయగలదో చెప్పేది. మానిటర్‌కి అసలు హద్దు అదే. నిలువు పిక్సెళ్లను (1024×768లో 768) రిఫ్రెష్ రేట్‌తో, అంటే సెకనుకి తెర ఎన్నిసార్లు గీసుకుంటుందో ఆ హెర్ట్జ్ అంకెతో గుణించి, దాని మీద ఐదు శాతం కలిపి, వెయ్యితో భాగిస్తే లెక్క దాదాపు సరిపోతుంది. 1024×768కి 85 పెడితే 68.7 కిలోహెర్ట్జ్ కావాలి. నా మానిటర్ 54 దగ్గర ఆగిపోతుంది, మీదీ అలాంటిదే అయ్యుంటుంది. అదే 800×600కి 85 అయితే 53.7 చాలు. అందుకే రిజల్యూషన్ తగ్గించండి, 85 హాయిగా వస్తుంది. 15 అంగుళాల తెరకి 800×600 ఏమీ తక్కువ కాదు.

హద్దు దాటించి మాత్రం చూడకండి. ఇంతకుముందున్న మానిటర్‌కి నేను ఒక సాఫ్ట్‌వేర్‌తో బలవంతంగా ఎక్కువ పెట్టాను. సన్నగా కీచుమని మోత వచ్చింది. అదే సర్దుకుంటుందిలే అని వదిలేశాను. అరగంటకి టప్‌మని ఆరిపోయింది. హారిజాంటల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ కాలిపోయిందని మెకానిక్ చెప్పాడు. ఆ మానిటర్ మళ్లీ వెలగలేదు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కీచుమోత వినిపిస్తే వెంటనే స్విచ్ ఆపేయండి.

డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, అడాప్టర్‌లోకి వెళ్తే రిఫ్రెష్ రేట్ ఉంటుంది. అక్కడ అంకెలు కనిపించకపోతే పక్కనే మానిటర్ ట్యాబ్‌లో సరైన మోడల్ ఎంచుకోండి. స్క్రీన్ నల్లబడితే బూట్ అయ్యేటప్పుడు ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి మార్చుకోవచ్చు.

ఇంకో సంగతి, 60లో వణుకు రిఫ్రెష్ రేట్ వల్లే అనుకోకండి. నాకు బొమ్మ అలల్లా ఊగేది. చివరికి చూస్తే మానిటర్‌కి ఆనుకుని యూపీఎస్ పెట్టి ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, స్క్రీన్ 60. యూపీఎస్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత ప్రభావం ఆ తేడా ప్రకారం సెకనుకి పదిసార్లు బొమ్మని ఊపుతుంది. యూపీఎస్‌ని బల్ల కిందికి దించగానే ఊగడం ఆగిపోయింది. మిగిలిన మిణుకు మాత్రం 85తోనే పోయింది.

ఇక మీ గేముల విషయం. డాస్‌లో (విండోస్‌కి ముందునాటి ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే డేవ్, డూమ్‌లకి విండోస్‌లో పెట్టిన 85తో సంబంధమే లేదు. అవి వాడే 320×200 మోడ్ వీజీఏ కార్డులో 70 హెర్ట్జ్‌కే నడుస్తుంది. డూమ్ సెకనుకి 35 ఫ్రేములు చూపిస్తుంది, అంటే ఒక్కో ఫ్రేము సరిగ్గా రెండుసార్లు పడుతుంది. అందుకే సీఆర్‌టీ మీద ఆ పరుగు అంత నున్నగా ఉంటుంది. 60కే పరిమితమైన ఎల్‌సీడీ మీద చూస్తే మధ్యలో తడబాటు తెలిసిపోతుంది. కాబట్టి ఎవరెన్ని చెప్పినా ఆ 70ని ముట్టుకోకండి, ఈ మానిటర్‌ని అమ్మేయకండి.

మీరు బీచ్ దగ్గరే ఉంటే ఒక జాగ్రత్త. చాలాకాలం మూలన పెట్టిన మానిటర్‌లోకి మన ఉప్పుగాలి, తేమ చేరి ఉంటాయి. ఆన్ చేయగానే చిటచిట శబ్దం వస్తే ఆపేసి, రెండు మూడు రోజులు పొడి గదిలో ఉంచండి. మూత మాత్రం విప్పొద్దు, లోపల వేల వోల్టులుంటాయి, ప్లగ్ తీసినా కొంత నిలిచే ఉంటుంది.

మీ మానిటర్ కిలోహెర్ట్జ్ అంకె ఎంతో ఇక్కడ రాయండి, ఏ రిజల్యూషన్‌కి ఎంత పెట్టొచ్చో లెక్క కట్టి చెబుతాను.