బుజ్జీ, పన్ను పీకించుకునే ముందు ఇది చదువు

చిరంజీవి బుజ్జికి, గుంటూరు నుంచి మావయ్య దీవించి రాసేది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కింద ఎడమవైపు జ్ఞానదంతం పక్కకు పడుకుని పెరిగిందట, తీసేయాలన్నారట. నువ్వేమో శనివారం సాయంత్రం ఆఫీసు అయ్యాక బెజవాడ సూర్యారావుపేటలో పీకించుకుని, ఆదివారం పడుకుని, సోమవారం డ్యూటీకి వెళ్లిపోతానన్నావట. అది ఆఫీసు లెక్క. పంటి లెక్క వేరు. నా నోట్లో నాలుగు ఖాళీలున్నాయి, ఆ అనుభవంతో చెబుతున్నాను, విను.

ముందు ఆ శనివారం మార్చు. రాత్రికి రక్తం ఆగకపోతే ఆదివారం పూట ఏ డాక్టరు తలుపు తడతావు? పైగా అసలు తిప్పలు వచ్చేదుంటే మొదటి రోజు రావు, మూడో రోజో నాలుగో రోజో వస్తాయి. అంటే సరిగ్గా నువ్వు డ్యూటీకి వెళ్లే రోజుకే. సోమవారమో మంగళవారమో పొద్దున పూట పెట్టించుకో. మంగళవారం వద్దని మీ అమ్మ పట్టుబడితే సోమవారమే కానివ్వు.

ఖాళీ కడుపుతో వెళ్లకు. రెండిడ్లీలు తిని, శుభ్రంగా బ్రష్ చేసుకుని వెళ్లు. నువ్వు వేసుకునే మందులేవైనా ఉంటే, ఏ మందైనా పడకపోతే, ముందే చెప్పు. మూడో పన్నుకు నేను చేసిన ఘనకార్యం చెబుతాను. అప్పటికి గుండెకు స్టెంట్ వేయించుకుని ఉన్నాను. రక్తం ఎక్కువ పోతుందేమోనని, పలచబరిచే మాత్ర నాలుగు రోజుల ముందే నా అంతట నేనే మానేసి, అదేదో తెలివైన పనైనట్టు డాక్టరమ్మకు చెప్పాను. ఆవిడ పరికరం పక్కన పెట్టి, "పంటి రక్తం నేను ఆపగలను, ఆగిన గుండెను నడిపించలేను" అంది. గుండె డాక్టరుతో మాట్లాడి, మాత్ర మళ్లీ మొదలుపెట్టించి, వారం తర్వాత తీసింది. మీ అమ్మకు కూడా బీపీ, షుగర్ ఉన్నాయి కాబట్టి ఈ ముక్క తనకూ చదివి వినిపించు. పై పన్ను తీస్తే కంటిచూపు పోతుందని రెండేళ్లుగా వాయిదా వేస్తోంది. పంటి నరం వేరు, చూపు నరం వేరు. చత్వారం ముప్ఫై రెండు పళ్లూ ఉన్నవాళ్లకూ వస్తుంది.

పీకడం గురించి టెన్షన్ పడకు. ఇంజెక్షన్ చురుక్కుమంటుంది. కాసేపటికి పెదవి గారెలా ఉబ్బిపోయినట్టుంటుంది, అద్దంలో చూస్తే మామూలుగానే ఉంటుంది. తర్వాత నొప్పి తెలియదు గానీ అదుముడు తెలుస్తుంది, చప్పుడు తెలుస్తుంది. నా రెండో పన్నప్పుడు పుర్రె లోపల ఎవరో ఎండుకొమ్మ విరుస్తున్నట్టు కటకటమంది. చెయ్యెత్తాను. "నొప్పా, భయమా?" అని అడిగింది డాక్టరమ్మ. ఆలోచించి చూస్తే భయమే. నిజంగా నొప్పయితే మాత్రం మొహమాటపడకు, ఇంకో ఇంజెక్షన్ ఇస్తారు. నీది పడుకున్న పన్ను కాబట్టి చిగురు కోసి, పన్నును ముక్కలు చేసి తీసి, కుట్లు వేస్తారు. నాలుగు రోజులు నోరు సరిగా తెరుచుకోదు, దానికి కంగారు పడకు.

ఇక ఈ ఉత్తరం అసలు ఎందుకు రాస్తున్నానో చెబుతాను. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకడుతుంది. ఎముకకు అదే మూత, అదే మందు. డాక్టరు చెప్పే జాగ్రత్తల్లో చాలా వరకు ఆ గడ్డ ఊడిపోకుండా కాపాడటానికే.

నాకది తెలియని రోజుల్లో మొదటి పన్ను పీకించుకున్నాను. అప్పట్లో మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తాని. మంచి సీజను, కొట్టు నిండా తేజ రకం మిర్చి బస్తాలు. సెలవంటే ఎవరు వింటారు? రెండో రోజే వెళ్లాను. ఆ ఘాటుకు తుమ్ములు, దగ్గు, ఖాళీ దొరికితే ఉమ్మడం. మధ్యాహ్నం టీ తాగి సిగరెట్ కూడా వెలిగించాను. అప్పటికి నొప్పి తగ్గింది కదా, ఇంకేముంది అనుకున్నాను. మూడో రోజు రాత్రి మొదలైంది చూడు! పన్ను లేని చోట పంటినొప్పి. దవడ నుంచి చెవిలోకి, చెవి నుంచి కణతకు గుచ్చుకుంటూ పోయింది. నోట్లో చెడ్డ వాసన. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మాత్ర తెచ్చి గుంట పక్కన నొక్కిపెట్టుకుంటే, చిగురు కాలి తెల్లగా పొక్కింది. మీ అత్త ఆ రాత్రంతా నాతోపాటు వరండాలోనే కూర్చుంది.

పొద్దున్నే వెళితే డాక్టరు లైటు వేసి చూసి, "గడ్డ పోయింది, ఎముక కనిపిస్తోంది" అన్నాడు. దీన్నే డ్రై సాకెట్ అంటారు. సెలైన్‌తో కడిగి, లవంగం నూనె వాసన వచ్చే మందు పెట్టిన గుడ్డ గుంటలో కూరాడు. మెట్లు దిగేలోపే నొప్పి సగం దిగింది. ఇప్పటికీ బిర్యానీలో లవంగం పంటికింద పడితే ఆయనకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అలాగని నువ్వు ఇంట్లో లవంగం నూనె తెచ్చి గాయంలో పోసుకోకు. అది వాళ్లు చేయాల్సిన పని.

కాబట్టి ఆ మొదటి ఇరవై నాలుగు గంటలు ఇలా గడుపు. వాళ్లు పెట్టిన గుడ్డ అరగంట, ముప్పావు గంట గట్టిగా కొరికిపట్టు. మధ్యలో తీసి చూడకు. నేను ఐదు నిమిషాలకోసారి తీసి చూసేవాణ్ని, దాంతో రక్తం ఆగేదే కాదు. ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు. నోట్లో నీరూరితే మింగెయ్. కొబ్బరి నీళ్లు గ్లాసులో తాగు, స్ట్రా పెట్టావా ఆ పీల్చుడుకే గడ్డ లేచి వస్తుంది. సిగరెట్టుదీ అదే సంగతి, దాని పొగ గాయాన్ని మాననివ్వదు కూడా. వారం పాటు దాని జోలికి వెళ్లకు. నీకు అలవాటు లేదని మీ అమ్మ నమ్మకం, నేను అడగను. మాత్రల్లో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఉంటే ఆ రోజుల్లో మద్యం కూడా ముట్టుకోకు. అదీ నేను అడగను.

నొప్పి మాత్ర తిమ్మిరి దిగకముందే వేసుకో. యాంటీబయాటిక్ రాస్తేనే వాడు, మందుల షాపువాడు ఇచ్చాడని కాదు. మొదటి రోజు ఐస్‌ముక్కలు తువ్వాల్లో చుట్టి బుగ్గ మీద పావుగంట పెట్టు, పావుగంట తియ్. వాపు రెండో మూడో రోజుకు ఎక్కువై తర్వాత తగ్గుతుంది. రాత్రి రెండు దిళ్లు వేసుకో. మర్నాటి నుంచి గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి నోట్లో పోసుకుని, తల అటూ ఇటూ వంచి, సింకులోకి దానంతటదే జారిపోనివ్వు. మిగతా పళ్లు తోముకోవచ్చు, ఆ మూల మాత్రం వదిలెయ్.

తిండి దగ్గరే గుంటూరువాడికి కష్టం. తిమ్మిరి పూర్తిగా పోయేదాకా ఏమీ నమలకు, నాలుక కొరుక్కుంటావు. తర్వాత చల్లారిన రాగిజావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, చెంచాతో ఐస్‌క్రీమ్. కారం వద్దు, వేడివేడిది వద్దు. నాలుగో రోజుకు పప్పన్నంలోకి దిగొచ్చు, కుడివైపు నములుతూ. గుంట మీద తెల్లటి పొర కనిపిస్తే చీము అనుకుని పుల్ల పెట్టి గోకకు, గాయం మానేటప్పుడు అలాగే ఉంటుంది.

ఉమ్మి ఒక రోజు ఎర్రగా వస్తే భయం లేదు. నోరు నిండా రక్తం వస్తుంటే శుభ్రమైన గుడ్డ మడిచి అరగంట కొరికిపట్టు, అప్పటికీ ఆగకపోతే డాక్టరుకు ఫోన్ చెయ్. మర్నాటికి కూడా పెదవి తిమ్మిరి వదలకపోయినా, మూడో రోజు తర్వాత వాపు పెరిగినా, జ్వరం వచ్చినా ఆగకు. మింగడానికో ఊపిరి తీసుకోవడానికో ఇబ్బందైతే అర్ధరాత్రైనా పెద్దాసుపత్రికే.

రూములో ఒక్కడివే ఉండొద్దు, ఇక్కడికి వచ్చెయ్. బైకు మీద వారధి దాటొద్దు, మీ అమ్మను తోడు తీసుకుని నాన్‌స్టాప్ బస్సెక్కు. ఏదైనా తేడా వస్తే నేనే మళ్లీ బెజవాడ తీసుకెళ్తాను. ఎక్స్‌రే, మందుల చీటీ మర్చిపోకు. గోంగూర పచ్చడి జాడీ నువ్వు ఉన్నన్నాళ్లూ అటకెక్కిస్తానంటోంది మీ అత్త. బస్సెక్కగానే ఫోన్ చేయకు, మెసేజ్ పెట్టు. నోట్లో గుడ్డతో నువ్వేం మాట్లాడినా నాకు అర్థం కాదు.

మీ మావయ్య