అరబ్ ఆడగుర్రం కొనే ముందు: పిల్ల ఎందుకు చనిపోయింది?

తాడిపత్రిలో మీరు చూసిన అరబ్ ఆడగుర్రానికి డాక్టరు ఓకే చెప్పినా, దాని పిల్ల మూడో నెలలో న్యుమోనియాతో పోయిందని, మరి కొనొచ్చా అని అడిగారు. ముందు అనుమానించాల్సింది ఎస్‌సిఐడి (సివియర్ కంబైన్డ్ ఇమ్యునోడెఫిషియెన్సీ), అరబ్ రక్తంలో వచ్చే జన్యులోపం. ఈ జబ్బు పిల్లలకు రోగనిరోధక శక్తి ఉండదు. తల్లి పాల రక్షణ తగ్గాక ఇన్‌ఫెక్షన్లు పట్టుకుంటాయి, 5 నెలల్లోపే చనిపోతాయి. మామూలు న్యుమోనియా కూడా కావచ్చు, టెస్టుతోనే తేలుతుంది.

తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు లోపజన్యువులూ వస్తేనే ఈ జబ్బు వస్తుంది. ఒకే లోపజన్యువు ఉన్న గుర్రం జీవితాంతం ఆరోగ్యంగానే ఉంటుంది. పరుగు, పళ్లు, గిట్టలు చూస్తే ఇది తెలియదు, అందుకే జన్యు టెస్టు ఇలా చేయించండి:

1. జూలు వెంట్రుకలు 20–30 కుదుళ్లతో సహా పీకండి. కత్తిరించినవి పనికిరావు.
2. మీ కళ్లముందే తీయించి, పేపర్ కవర్లో పెట్టి పేరు, గుర్తులు రాయండి. అమ్మేవాళ్లు ఇచ్చిన వెంట్రుకలు వద్దు.
3. ఏ ల్యాబుకి పంపాలో ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలలో అడగండి. సీఏ, ఎల్‌ఎఫ్‌ఎస్ (అరబ్ గుర్రాల్లో వచ్చే మరో రెండు జన్యు జబ్బులు) టెస్టులు కూడా చేయించండి.

చాలామంది వదిలేసేది జత కట్టించే మగగుర్రం టెస్టు. ఆడ, మగ రెండింటిలోనూ ఒక్కో లోపజన్యువు ఉంటే ప్రతి ఈతలో పిల్లకు 25 శాతం ముప్పు. మగది క్లియర్ అయితే జబ్బు పిల్ల పుట్టదు, అప్పుడు ఈ ఆడగుర్రాన్ని నిక్షేపంగా కొనొచ్చు. రిపోర్టు వచ్చేదాకా మాత్రం అడ్వాన్సు ఇవ్వకండి.