శుక్లం ఆపరేషన్‌కు మూడు రూపాయల వడ్డీ అప్పా?

ప్రశ్న: మాది చీమకుర్తి. గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని, జీతం రూ.28,000. అమ్మకు 66 ఏళ్లు, రెండు కళ్లలో శుక్లాలు. ఒంగోలులో చూపిస్తే కంటికి మామూలు ఫేకో (శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి లాగేసే పద్ధతి) అయితే రూ.28,000, లేజర్ అయితే రూ.95,000 అన్నారు. అమ్మ విషయంలో రాజీ పడలేను. బ్యాంకులో ఉన్న రూ.40,000 కదపకుండా, రూ.1.90 లక్షలు మూడు రూపాయల వడ్డీకి తేవచ్చా?

జవాబు: వద్దు. ఫేకో చేయిస్తే అమ్మ విషయంలో రాజీ పడినట్టు కాదు. లేజర్ కోత పెడుతుంది, లెన్స్ మీది పొరను గుండ్రంగా తెరుస్తుంది, శుక్లాన్ని ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్ని బయటికి లాగడానికి మళ్లీ ఫేకో యంత్రమే కావాలి. ఈ రెండు పద్ధతులనూ పోల్చి ఫ్రాన్స్, బ్రిటన్‌లలో చేసిన పెద్ద అధ్యయనాలు 2020లో వచ్చాయి. లేజర్ వల్ల చూపు ఫేకో కన్నా మెరుగైందేమీ లేదు, ఖర్చు మాత్రం పెరిగింది. మీ అమ్మగారి కంటికి లేజరే ఎందుకు కావాలో డాక్టర్‌ని అడగండి. ప్యాకేజీలో లేజర్‌కు ఎంత, లెన్స్‌కు ఎంత అన్నది విడివిడిగా రాయించుకోండి. ఖరీదైన లెన్స్‌ను లేజర్‌తో కలిపి చెప్పడం మామూలే.

ఇక అప్పు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. నెలకు రూ.5,700 వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఆసుపత్రి అనగానే ఎక్కడ దొరికితే అక్కడ సంతకం పెట్టేయడం చాలా ఇళ్లలో చూస్తున్నాను, దయచేసి మీరు ఆ పని చేయకండి. శుక్లం సాధారణంగా మెల్లగా ముదురుతుంది. డాక్టర్ తొందరేమీ లేదంటే రెండో కన్ను కొన్ని నెలలు ఆగొచ్చు.

ముందు ఒంగోలు సర్వజన ఆసుపత్రిలో చూపించండి, అక్కడ ఆపరేషన్ ఉచితం. ప్రైవేటులోనే అనుకుంటే మొదటి కంటికి ఫేకో, మీ పొదుపులోంచి. మిగిలిన రూ.12,000 ముట్టుకోకండి. వడ్డీకి కడదామనుకున్న రూ.5,700తో ఈ నెలే ఆర్‌డీ (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్) మొదలుపెట్టండి. ఆరు నెలల్లో రూ.34,200, అంటే రెండో కంటి ఖర్చు చేతికొస్తుంది.

ఆ తర్వాత ఆర్‌డీ ఆపేస్తారేమో, అదే నా భయం. మూడు నెలల ఇంటి ఖర్చు జమయ్యేదాకా ఆపొద్దు. ఆ డబ్బు ముందే ఉండి ఉంటే వడ్డీ వ్యాపారి మీకు గుర్తొచ్చేవాడే కాదు. అదీ చాలకపోతేనే చీటీ పాట, బంగారం తాకట్టు. ఆరోగ్య బీమా ఇప్పుడు తీసుకున్నా ఇప్పటికే ఉన్న శుక్లాలకు సాధారణంగా రెండు మూడేళ్లు ఆగాలి. అయినా అమ్మగారికీ మీకూ ఈ ఏడాదే తీసుకోండి.