డ్రిప్పు పైపు పాములా కనిపిస్తుంటే

బిడ్డా,

రక్తపింజరను చూసినప్పటి నుంచి బత్తాయి తోటలో ప్రతి డ్రిప్పు పైపూ నీకు పాములాగే కనిపిస్తోందని, పాదుల్లో గడ్డి కూడా తీయలేకపోతున్నావని వదిన ఫోన్లో చెప్పింది. ఇది పిరికితనం కాదు. పాము ఆకారాన్ని మన కన్ను ముందే పట్టేస్తుంది. 2001లో స్వీడన్ శాస్త్రవేత్త ఓమన్ బృందం పూలు, పుట్టగొడుగుల బొమ్మల మధ్య పాము బొమ్మ పెడితే జనం దాన్ని ఇట్టే గుర్తుపట్టారు.

చూడొద్దు, భయపడొద్దు అని నీకు నువ్వు చెప్పుకోవడం మాత్రం మానెయ్. 1987లో అమెరికాలో వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరిని తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దంటే వాళ్లకు అదే పదే పదే గుర్తొచ్చింది.

నాతో తోటల్లో పనిచేసిన కొత్తవాళ్లు ఇలాగే బిగుసుకుపోతే నేను చేయించింది చెబుతా. పొద్దున మంచి వెలుతురులో, రోజూ ఒకే వరుసలో నడువు. మొదట పైపును కట్టెతో కదిపి చూడు, తర్వాత ఏ చెట్టు దగ్గర నీళ్ల చుక్క పడడం లేదో వెతుక్కుంటూ పో, ఎందుకంటే కంటికి గట్టి పని దొరికితే పక్కనున్నవాటి మీదికి చూపు అంతగా పోదు. ఒకే చోట రోజూ కనిపించి ఏ హానీ చేయని దాన్ని పట్టించుకోకపోవడం మెదడు తనంతట తనే నేర్చుకుంటుంది, మనకు తెలియను కూడా తెలియదు. అందుకే కొన్నాళ్లు ఆ వరుసలో పైపులు జరపొద్దని మీ నాయనకు చెప్పు. గుండె దడ పుట్టిందని వెంటనే ఇంటికి ఉరకకు, అది తగ్గేదాకా అక్కడే నిలబడు. దడ మీదే వెనక్కి వచ్చావంటే, తప్పించుకున్నాం కాబట్టే బతికామని మెదడు అనుకుంటుంది, రేపు ఇంకా గట్టిగా భయపెడుతుంది.

కాలేజీకి పోయి సెలవుల్లో తిరిగొస్తే మళ్లీ ఉలిక్కిపడతావు. దానికి టెన్షన్ పడకు. పాత భయం చెరిగిపోదు, దాని మీద కొత్త జ్ఞాపకం చేరుతుంది అంతే, కొంత విరామం వస్తే పాత అలవాటు మళ్లీ తల ఎత్తుతుందని రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ తను ప్రయోగాలు చేసిన కుక్కల్లోనే చూశాడు. ఒకటి రెండుసార్లు ఆ వరుసలో నడిస్తే ఈసారి తొందరగా సర్దుకుంటుంది.

పైపును వదిలెయ్యమన్నాను గానీ పామును కాదు. గడ్డిలో చెయ్యి పెట్టే ముందు కట్టెతో కదుపు, రాత్రి మోటరు వేయడానికి పోతే టార్చి, బూట్లు తప్పనిసరి. ఎవరికైనా కాటు పడితే కోయడం, గట్టిగా కట్టు కట్టడం, నాటు మందు ఏదీ వద్దు, నేరుగా నల్లగొండ పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

ఆదివారం నేనొస్తున్నా. మొదటి వరుస ఇద్దరం కలిసి నడుద్దాం.

మీ చిన్నాయన